రాసే చేతులు: హంగేరీ పూలకుట్ల వెంట ఏడు రోజులు

గుంటూరులో మా ఇంటి ముందుగదిలో పన్నెండేళ్ళుగా జాకెట్లకు మగ్గం వర్కు చేస్తున్నాను. రెండు మూడేళ్ళ నుంచి గుడ్డసంచుల మీద, కుషన్ కవర్ల మీద, జీన్స్ జాకెట్ల వీపు మీద పూలు కుట్టమని ఆర్డర్లు వస్తున్నాయి. ఆడపిల్లలు ఫోన్‌లో తెచ్చి చూపించే డిజైన్లలో ఒక గులాబీ పదేపదే కనిపించేది. వలయాలు వలయాలుగా ఉంటుంది. బయట ఎరుపు, లోపల గులాబీరంగు, నడుమ పసుపు, వెనక నల్లటి గుడ్డ. కింద ఏ ఊరి పేరూ ఉండదు, ఏ మనిషి పేరూ ఉండదు. అలాంటివి ముప్పై నలభై కుట్టాక, దీని పుట్టిల్లు చూడకుండా ఇంకోటి కుట్టకూడదనిపించింది. వియన్నాలో ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచుతో ఆ మాటంటే, "సెప్టెంబర్లో రండి వదినా, నేను వారం సెలవు పెడతాను" అంది.

మొదటి రోజు, బుడాపెస్ట్

వియన్నా నుంచి పొద్దున్నే రైలెక్కితే రెండు గంటల నలభై నిమిషాల్లో బుడాపెస్ట్. సామాను హోటల్లో పడేసి నేరుగా సిటీ పార్కులో ఉన్న ఎథ్నోగ్రఫీ మ్యూజియానికి వెళ్ళాం. 2022లో కట్టిన కొత్త భవనం అది. రెండు చివరలూ నేలలోంచి కొండవాలులా పైకి లేస్తాయి, కప్పంతా పచ్చగడ్డి, దాని మీద జనం కూర్చుని ఉంటారు. గోడ దగ్గరికి వెళ్ళేదాకా తెలియలేదు, గాజు ముందు బిగించిన లోహపు జాలీ అంతా కుట్టుపని నమూనాలే. హంగేరీవి కొన్ని, మిగతా ప్రపంచానివి కొన్ని తీసుకుని, దాదాపు ఐదు లక్షల చిన్న గడులుగా చేసి పేర్చారు. క్రాస్ స్టిచ్ పుస్తకంలో గళ్ళు లెక్కపెట్టినట్టు నేను ఒక మూల నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక దేశం తన ఆడవాళ్ళ సూదిపనిని అంత పెద్ద భవనానికి చీరలా కట్టింది. కాసేపు మాట రాలేదు.

సాయంత్రం డాన్యూబ్ ఒడ్డునున్న పెద్ద మార్కెట్ హాలు చూశాం. 1897 నాటి ఇనుప కట్టడం. కింద కూరగాయలు, మాంసం, ఎండు మిరపపొడి. పైఅంతస్తు నిండా పూల టేబుల్ క్లాత్‌లు, జాకెట్లు, పిల్లల గౌన్లు. చూడగానే కళ్ళు చెదిరిపోతాయి. కానీ పనివాళ్ళెవరైనా ముందు గుడ్డ తిరగేసి వెనక చూస్తారు. చాలావాటికి వెనక వైపు ఒకటే తెల్లదారం, ఏ రంగు పువ్వుకైనా అదే. అది మెషిన్ బాబిన్ దారం. చేతిపనికి వెనక కూడా పువ్వు రంగే ఉంటుంది, ఒక రేకు నుంచి ఇంకో రేకుకు దారం వెళ్ళిన దారి కనిపిస్తుంది. మెషిన్ పనిని తప్పుపట్టను, దాని ధర దానిది. చేతిపని అని చెప్పి అమ్మితేనే బాధ. ఆ రోజు ఏమీ కొనలేదు.

రెండో రోజు, మెజోకోవెష్ద్

కెలెతి స్టేషన్ నుంచి తూర్పుగా వెళ్ళే మిష్కోల్త్స్ లైన్లో రెండు గంటల లోపే మెజోకోవెష్ద్. ఈ ఊరివాళ్ళని, పక్కనే ఉన్న తార్ద్, సెంత్ ఇష్త్వాన్ ఊళ్ళవాళ్ళని కలిపి మాత్యోలు అంటారు. నా ఫోన్‌లో పేరు లేకుండా తిరిగే గులాబీ ఈ మాత్యో గులాబీయే. 2012లో యునెస్కో వీళ్ళ కుట్టుపనిని మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ముందు మాత్యో మ్యూజియం చూశాం. అక్కడ అర్థమైన మొదటి సంగతి, ఈ పూలు గుడ్డ మీద పుట్టలేదు. గొర్రెతోలుతో కోట్లు కుట్టే మగవాళ్ళు తోలు మీద పట్టుదారంతో పూలు కుట్టేవారు. వాళ్ళ దగ్గర్నుంచి ఆడవాళ్ళు ఆ పూలని దుప్పట్ల మీదకి, చొక్కాల మీదకి, నల్లటి ఏప్రన్ల మీదకి తెచ్చుకున్నారు. పాత దుప్పట్ల అంచులు ఎరుపు, నీలం రెండు రంగులతోనే ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి రంగులు పెరిగాయి, ఖాళీ తగ్గింది, చివరికి గుడ్డే కనపడనంత నిండిపోయింది. పొడవాటి నల్ల ఏప్రన్ ఇక్కడ ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకీ ఉంది. పెళ్ళికొడుకు కట్టుకునే ఏప్రన్ ముందు నిలబడి మా ఆడపడుచు అంది, "చూశారా వదినా, పెళ్ళికూతురి కంటే ఇతనికే ఎక్కువ పూలున్నాయి."

ఇంత వైభవం చూసి వీళ్ళు కలవాళ్ళనుకుంటాం. కాదు. భూమి చాలక వసంతం నుంచి శరదృతువు దాకా దూరప్రాంతాల్లోని పెద్ద కమతాలకు కూలికి వలస వెళ్ళినవాళ్ళు. అలా కూడబెట్టిన డబ్బుతో బంగారు జరీ లేసులు, తళుకులు కొని బట్టలకు వేసుకునేవారు. వీళ్ళలో ఒక నానుడి ఉంది, కడుపు గుర్రుమన్నా సరే, ఒంటి మీద మెరవాలి అని. అది వినగానే మా ఇద్దరికీ ఒకేసారి మన సామెత గుర్తొచ్చింది, కడుపు కూటికేడిస్తే కొప్పు పూలకేడ్చిందట. చివరికి చర్చి పెద్దలు ఊరుకోక, 1925లో ఆ మెరిసే లేసులన్నీ విప్పించి పోగుపెట్టి తగలబెట్టించారు. తమ చేతుల్తో కుట్టుకున్నవాటిని ఆ మంటలో వేసిన ఆడపిల్లల్ని తలుచుకుంటే నాకు గుండె కలుక్కుమంది. వాళ్ళకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి అది.

మధ్యాహ్నం హదష్ అనే పాతపేటకి నడిచాం. గడ్డి కప్పులు, తెల్లసున్నం గోడలు, చిన్న చిన్న కిటికీలు. ఇళ్ళు కొన్నింటిని చేతిపనుల వర్క్‌షాపులుగా మార్చారు. అక్కడే కిష్ యాంకో బోరి ఇల్లు ఉంది. 1876లో పుట్టి 1954లో పోయిన ఈవిడ మాత్యో పూలకు గొప్ప పేరు తెచ్చింది. వంద గులాబీల దుప్పటి ఆమె పేరు మీదే చెప్పుకుంటారు. ఆవిడ కుట్టినదానికంటే గీసినది ఎక్కువ. ఊళ్ళో ఆడవాళ్ళు తెల్లగుడ్డ పట్టుకొస్తే, దాని మీద గులాబీలు గీసి ఇచ్చేది, వాళ్ళు ఇంటికి వెళ్ళి కుట్టుకునేవాళ్ళు. ఇలాంటి మనిషిని వాళ్ళ భాషలో 'ఈరో అస్సొన్' అంటారు. ఫోన్‌లో అనువాదం అడిగితే 'రాసే స్త్రీ' అని వచ్చింది. తప్పేమో అని మళ్ళీ అడిగాను. తప్పు కాదట. గుడ్డ మీద పువ్వు గీయడాన్ని వీళ్ళు రాయడం అంటారు.

ఆ మాట నన్ను కదలనివ్వలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీని ఏమంటాం? వ్రాతపని అంటాం. మన పాత తెలుగులో బొమ్మనీ వ్రాశారు, అక్షరాన్నీ వ్రాశారు. ఇంత దూరం వచ్చి ఈ మాట వినడం కోసమే వచ్చానేమో అనిపించింది.

మూడో రోజు, అక్కడే

పొద్దున హదష్‌లోనే ఒక పెద్దావిడ దగ్గర పాఠం. డెబ్భై దాటిన మనిషి. ఇక్కడ పెద్దవాళ్ళని 'నేని' అని పిలవాలి, మనం పిన్నిగారూ అన్నట్టు. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మాకు హంగేరియన్ రాదు. మా ఆడపడుచు ఫోన్, నా చేతులు, ఆవిడ చేతులు. సరిపోయింది.

ఆవిడ పెన్సిల్ తీసుకుని నల్లగుడ్డ మధ్యలో ఒక పెద్ద గులాబీ గీసింది. కొలత లేదు, స్కేలు లేదు. తర్వాత దాని పక్కన ఇంకొంచెం చిన్నది, ఆ రెండింటి మధ్య మిగిలిన చోటులో మొగ్గ, మొగ్గకి మిగిలిన చోటులో ఆకు. ముందు పెద్దది పెట్టి, ఖాళీ ఏ ఆకారంలో మిగిలితే ఆ ఆకారంలో పువ్వుని ఒదిగించడం. మా అమ్మ సంక్రాంతికి చుక్కల్లేని ముగ్గు వేసేటప్పుడు ఇలాగే చేసేది. నేను పన్నెండేళ్ళుగా ట్రేసింగ్ కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్ది డిజైన్ దించుతున్నాను. ఖాళీ వైపు చూసి గీయడం నాకు ఎవరూ నేర్పలేదు.

కుట్టు సంగతికొస్తే, ఇది మనం శాటిన్ స్టిచ్ అనేదే. కానీ ఒకే పొడుగు కుట్టుతో రేకు నింపరు. గులాబీని వలయాలుగా చేసి, ఒక్కో వలయాన్ని పొట్టి కుట్లతో నింపుతారు, ప్రతి కుట్టూ పువ్వు నడిమి వైపు చూస్తుంది. ఇది అందం కోసమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా సంచుల మీద పొడుగు కుట్లు తాళంచెవులకి, గాజులకి తగులుకుని లేచిపోతుంటాయని కస్టమర్లు చెప్పేవారు. పొట్టి కుట్ల వలయం ఉతుకుడికీ రాపిడికీ తట్టుకుంటుంది. అంటే సంచికి కావలసిన జవాబు ఈ పువ్వు కట్టుబడిలోనే ఉంది. ఫోన్‌లో బొమ్మ చూసి పెద్దది చేసుకున్నప్పుడు నేను వలయాల్ని కూడా వెడల్పు చేసేశాను, అదే నేను చేసిన తప్పు. పువ్వు పెద్దదైతే వలయాలు పెంచాలి, వెడల్పు కాదు.

ఆరు పోగుల దారంలో రెండు పోగులు తీసుకుంటే పని నునుపుగా వస్తుంది, మూడు తీసుకుంటే త్వరగా నిండుతుంది. చేతి పొడుగుకి మించి దారం పెట్టుకోవద్దని ఆవిడ నా వేళ్ళ మీద చిన్నగా తట్టి మరీ చెప్పింది.

మధ్యలో కాఫీ ఇచ్చి ఒక కథ చెప్పింది. ఇక్కడ అందరికీ తెలిసిన కథే. ఒక పిల్ల పెళ్ళికొడుకుని దెయ్యం ఎత్తుకుపోయింది. విడిపించమని బతిమాలితే, వేసవిలో పూసే అతి అందమైన పూలు నీ ఏప్రన్ నిండా తెచ్చివ్వు, ఇస్తాను అంది. అప్పుడు నడి చలికాలం. ఆ పిల్ల గులాబీలని ఏప్రన్ మీదే కుట్టి పట్టుకెళ్ళింది. అందుకే నల్లటి ఏప్రన్ మీద ఇన్ని పూలు. రంగులకీ ఏదో చెప్పింది, నలుపు నేల, ఎరుపు సంతోషం, పసుపు ఎండ. ఆకుపచ్చ మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ కోసం వచ్చిందట. మనకి పచ్చదనమంటే పెళ్ళి తోరణం. నేను తెచ్చుకున్న దారాల్లోంచి ఆకుపచ్చ కండెని ఆవిడ తీసి కాసేపు అలా చేతిలో పట్టుకుని, మళ్ళీ నాకే ఇచ్చింది.

వెళ్ళేముందు అడిగాను, ఈ పూలు మా ఊళ్ళో సంచుల మీద కుట్టి అమ్ముకోవచ్చా అని. ఆవిడ ఫోన్‌లోకి నెమ్మదిగా చెప్పిన మాట, "కుట్టు. కానీ ఊరి పేరు చెప్పు. కుదిరితే నీ పువ్వు నువ్వు రాయి."

నాలుగో రోజు, కలోచా

రాత్రి బుడాపెస్ట్‌లో పడుకుని, పొద్దున బస్సులో దక్షిణంగా రెండు గంటల ప్రయాణం. డాన్యూబ్ పక్కన చదునైన నేల. కలోచాకి రెండింటి వల్ల పేరొచ్చింది, ఒకటి మిరప, ఒకటి పూలు. సెప్టెంబర్ కాబట్టి చూరుల కింద ఎర్రటి మిరపదండలు వేలాడుతున్నాయి. గుంటూరు మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఘాటు మాత్రం తక్కువ, రంగూ వాసనా ఎక్కువ. అక్కడి మిరప మ్యూజియంలో మా ఆడపడుచు నన్ను బయటికి లాక్కురావాల్సి వచ్చింది.

కలోచా పని మెజోకోవెష్ద్ పనికి పూర్తిగా వేరు. నేల తెలుపు, పూలు విడివిడిగా, మధ్యలో గాలి ఆడుతుంది. గులాబీ, తులిప్, చిన్న నీలి పూలు, వాటి మధ్య అక్కడక్కడా ఎర్ర మిరపకాయ కూడా. ఇది మొదట తెల్లగుడ్డ మీద తెల్లదారంతో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పట్నపు దుకాణాల్లో గుడ్డ మీద డిజైన్ అచ్చువేసి ఇచ్చేవారు, పల్లె ఆడవాళ్ళు దాన్ని కుట్టేవారు. క్రమంగా ఆ ఆడవాళ్ళే అచ్చుని పక్కనపెట్టి సొంతంగా గీయడం మొదలుపెట్టారు. ఉతికినా దిగని రంగుదారాలు దొరికేకొద్దీ తెలుపులోకి రంగులొచ్చాయి. పెడన అద్దకం, కాళహస్తి వ్రాతపని రెండూ మనకి వేర్వేరు ఊళ్ళలో ఉంటే, ఇక్కడ ఒకే ఊళ్ళో ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టింది.

గీయడం వచ్చాక ఆ చేతులు గుడ్డ దగ్గర ఆగలేదు, గోడలెక్కాయి. జానపద కళల ఇంట్లో లోపలి గోడలన్నీ బ్రష్‌తో గీసిన పూలతీగలే. ఇలా గోడలకి పూలు వేసే ఆడవాళ్ళకి విడిగా పేరుంది, 'పింగాలో అస్సొన్'. ముందు గీసుకోవడం లేదు, నేరుగా రంగే.

ఈ ఊరి కట్‌వర్క్ మన దుపట్టాలకి, కుర్తా చేతులకి బాగా నప్పుతుంది. అంచంతా దగ్గరదగ్గరగా కాజా కుట్టు వేసి, రేకుల మధ్య సన్నటి వంతెనలు కుట్టి, ఆ తర్వాత మధ్య గుడ్డ కత్తిరించడం. తొందరపడి ముందే కత్తిరిస్తే గుడ్డ సాగిపోయి పని పాడవుతుంది. కుట్టడం అయ్యాక ఒకసారి ఉతికి, ఇస్త్రీ చేసి అప్పుడే కత్తెర పట్టాలి. కాటన్ కుంచించుకునేది ఆ ఉతుకులోనే కుంచించుకుంటుంది.

ఇక్కడ ఒక పాత తెల్లటి కాలర్ కొన్నాను. ముందు తిరగేసి చూశాను. వెనకా అంతే శుభ్రంగా ఉంది.

ఐదో రోజు, రైల్లో

రుమేనియాలోని క్లుజ్‌కి రోజంతా ప్రయాణం. 2025 జనవరి నుంచి రుమేనియా భూసరిహద్దులు కూడా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో, కలిశాయి కాబట్టి నా వీసాకి టెన్షన్ లేదు. గడియారం మాత్రం గంట ముందుకి తిప్పుకోవాలి. పులిహోర పొట్లం, మధ్యలో నిద్ర, కిటికీలో మొదట పొద్దుతిరుగుడు మోళ్ళు, తర్వాత కొండలు.

ఆరో రోజు, కలోతసెగ్

క్లుజ్ నుంచి ఒరాడియా వైపు వెళ్ళే రోడ్డు మీద కారులో గంట లోపే కొరొష్‌ఫో. రుమేనియన్‌లో ఇజ్వోరు క్రిషులుయి అని బోర్డు. దేశం రుమేనియా, ఊరి భాష హంగేరియన్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సరిహద్దు జరిగింది కానీ ఊళ్ళు జరగలేదు. ఈ ప్రాంతాన్ని కలోతసెగ్ అంటారు. రోడ్డుకి రెండువైపులా అంగళ్ళు, వేలాడే దుప్పట్లు, కొయ్య బొమ్మలు. మధ్యలో బయటి సరుకు చాలా ఉంది. గుడ్డ తిరగేయడం ఇక్కడా పనికొచ్చింది.

ఇక్కడి కుట్టు పేరే 'ఈరాషోష్'. అంటే 'రాసినది'. రెండో రోజు నుంచి నా వెంట వస్తున్న మాట ఇక్కడ కుట్టుకే పేరైపోయింది. గుడ్డ మీద ముందు చేత్తో గీస్తారు, ఆ గీత మీద లావు దారంతో ఒకటే రంగు. ఎరుపంటే మొత్తం ఎరుపు, నీలమంటే మొత్తం నీలం, లేదా నలుపు. రంగుల సాయం లేదు, నీడ లేదు. గీత నిలబడితేనే పని నిలబడుతుంది. ఏడు రోజుల్లో చూసిన అన్నిట్లోకీ నా మనసు ఇక్కడే ఆగింది.

కుట్టు మన గొలుసు కుట్టుకి అక్క. గొలుసులో సూది దిగిన చోటే మళ్ళీ దిగుతుంది కదా, ఇక్కడ కొంచెం పక్కన దిగుతుంది. దాంతో లింకు కాళ్ళు ఎడమై, గీత వెడల్పుగా, జడలాగా పడుతుంది. లావు దారంతో వేస్తే చాలా తొందరగా సాగుతుంది. ఒక కుషన్ కవర్‌కి మాత్యో పనైతే నాకు నెల పడుతుంది, ఇదైతే వారం. దళసరి కాన్వాస్ సంచికి, కర్టెన్ అంచుకి, బల్ల మీది రన్నర్‌కి దీన్ని మించింది లేదు. ఎరుపు వాడేవాళ్ళు మాత్రం ముందు దారం ముక్కని తెల్లగుడ్డలో చుట్టి వేడినీళ్ళలో ముంచి చూసుకోండి. ఒకటే రంగు పనిలో ఆ ఒక్కటి దిగిందంటే మొత్తం పోయినట్టే.

ఒక ఇంట్లో 'శుభ్రమైన గది' చూపించారు. ఆ గదిలో ఎవరూ పడుకోరు. రంగు పూల మంచం, దాని మీద దిండ్లు పైకప్పుని తాకేలా పేర్చి ఉంటాయి, ప్రతి దిండు కొసా ఎర్రటి రాతతో బయటికి తిరిగి ఉంటుంది. కూతురు పెళ్ళికి సిద్ధం చేసిన సారె అది. గది చూపించిన అమ్మాయిది నా కూతురి వయసు. ఆ దిండు కొసలు నానమ్మవి, అమ్మవి, తనవి అని వేలితో చూపించింది. గీత చూసి ఎవరిదో చెప్పగలదు, చేతిరాత పోల్చుకున్నట్టు.

ఈ పని బయటి ప్రపంచానికి తెలిసింది ఒకావిడ వల్ల. జర్మతి జిగానే అనే రచయిత్రి, 1843లో ఈ ప్రాంతంలోనే పుట్టింది. పల్లె ఆడవాళ్ళు కుట్టినవి పోగుచేసి 1885 బుడాపెస్ట్ ప్రదర్శనలో పెట్టించింది, ఆర్డర్లు తెచ్చిపెట్టింది, ఇంటి దగ్గరే కూలి దొరికేలా చేసింది. అమ్మకానికి కుట్టడం మొదలయ్యాకే పని పాడైందనే మాట మన దగ్గరా వింటుంటాను. నేను ఒప్పుకోను. అమ్మకం లేకపోతే ఆ దిండు కొసల్లో ఎన్ని ఈ రోజుకి మిగిలేవి?

కొండమీది చర్చికి ఎక్కాం. చెక్క శిఖరం, దానికి నాలుగు మూలలా నాలుగు చిన్న శిఖరాలు. లోపల పద్దెనిమిదో శతాబ్దపు చెక్క పైకప్పు, గడి గడికీ ఒక పువ్వు. బల్లల మీద, ప్రసంగ వేదిక మీద ఎరుపు రాత గుడ్డలు. ఎవరూ లేరు. మా ఆడపడుచు మెల్లగా అడిగింది, "వదినా, మీ సంచుల మీద ఇంక గులాబీ కుట్టరా?"

"కుడతాను. లోపల లేబుల్ మీద మెజోకోవెష్ద్ అని రాస్తాను."

ఏడో రోజు, తిరుగు రైల్లో

సంచిలో ఒక గజం నల్ల కాటన్, తెల్ల పెన్సిల్ ఉన్నాయి. క్లుజ్ దాటాక గుడ్డ ఒళ్ళో పరుచుకున్నాను. ట్రేసింగ్ కాగితం పెట్టెలోనే ఉంచేశాను. ముందు పెద్ద పువ్వు, నడుమ చుక్క, చుట్టూ వలయం, దాని చుట్టూ ఇంకోటి. రైలు కుదుపుకి గీత వంకరపోయిన చోట రేకుని ఇంకొంచెం ముడతపెట్టాను. నాలుగో వలయానికి రేకులు చిన్నవై, గుంపులై, దగ్గరయ్యాయి. గులాబీ అనుకుని మొదలుపెట్టింది బంతిపువ్వైంది. పక్కన మిగిలిన ఖాళీ పొడుగ్గా, కొస తేలి ఉంటే అందులో మామిడాకు పట్టింది.

చెరపలేదు. ఆకుపచ్చ కండెలోంచి రెండు పోగులు విడదీసి ముందు ఆకు మొదలుపెట్టాను. ఒరాడియా స్టేషన్లో రైలు ఆగేసరికి ఆకు పూర్తయి, పువ్వు నడిమి వలయంలో పసుపు సగం దాకా వచ్చింది.